పడవకు డీప్ సైకిల్ బ్యాటరీ: ముందు ఛార్జింగ్ సంగతి తేల్చుకోండి

వేటకు వెళ్ళే పడవలో బ్యాటరీ మార్చాల్సి వస్తే తెలిసినవాళ్ళు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఎన్ని ఆంపియర్ అవర్లది తీసుకోమంటారు?" ఎన్ని ఆంపుల కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదన్న లెక్క అది. నేను తిరిగి అడుగుతాను: "ఒడ్డుకు వచ్చాక ఎక్కడ ఛార్జింగ్ పెడతారు, ఎంతసేపు పెడతారు, మీ ఛార్జర్ ఎన్ని ఆంపులది?" అక్కడ మాట ఆగిపోతుంది. ఛార్జర్ గురించి ఆలోచించినవాళ్ళు తక్కువ. పాతది ఏదో ఒకటి ఉంటుంది, రాత్రికి తగిలిస్తారు, తెల్లారాక తీసేసి బయల్దేరతారు.

బ్యాటరీ ఎంపిక ఆ ఛార్జర్ దగ్గరే మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. బ్యాటరీ సామర్థ్యం ఎంతో దాని మీదే అచ్చేసి ఉంటుంది. వాడింది తిరిగి నింపే వీలు మనకు ఉందా లేదా అన్నది మనమే లెక్క వేసుకోవాలి. పడవల్లో నేను చూసిన లెడ్ యాసిడ్ బ్యాటరీల్లో బాగా పనిచేసి అరిగిపోయినవి కొన్నే. మిగతావన్నీ ఎన్నడూ పూర్తిగా నిండక పాడైనవే. అలాంటి బ్యాటరీ పోగానే మనిషి చేసే మొదటి పని ఇంకా పెద్దది కొనడం. ఛార్జర్ పాతదే. పెద్దది ఇంకా తక్కువ నిండుతుంది, ఇంకా త్వరగా పోతుంది. పాపం, తప్పంతా కంపెనీదే అనుకుంటారు.

ముందు డీప్ సైకిల్ అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. ఇంజిన్‌కు సెల్ఫ్ కొట్టే బ్యాటరీలో సీసం ప్లేట్లు పలచగా, సంఖ్యలో ఎక్కువగా ఉంటాయి. యాసిడ్‌కు తగిలే వైశాల్యం ఎక్కువ కాబట్టి కొన్ని సెకన్ల పాటు వందల ఆంపులు ఇవ్వగలదు. ఇంజిన్ అందుకోగానే ఆల్టర్నేటర్ ఆ కాస్తా నింపేస్తుంది. మొత్తం సామర్థ్యంలో ఖర్చయ్యేది ఒకటి రెండు శాతం మాత్రమే. డీప్ సైకిల్‌లో ప్లేట్లు మందంగా ఉంటాయి, వాటి మీద పేస్టు గట్టిగా పట్టి ఉంటుంది. గంటల తరబడి కొద్దికొద్దిగా కరెంటు ఇచ్చి, సగానికి దిగి, మళ్ళీ నిండడం దాని పని. సెల్ఫ్ బ్యాటరీ చేత ట్రోలింగ్ మోటారు (వేటలో పడవను నెమ్మదిగా కదిపే కరెంటు మోటారు) నడిపించడమంటే పరుగు పందెంలో ఉరికేవాడి చేత మూటలు మోయించడమే. కొద్ది రోజులు మోస్తాడు. తర్వాత పలచటి ప్లేట్ల మీది పదార్థం రాలి అడుగున చేరుతుంది.

దుకాణంలో "మెరైన్" అన్న మాట చూసి మోసపోవద్దు. ఆ మాటకు అర్థం ఒక్కో తయారీదారు దగ్గర ఒక్కోలా ఉంటుంది. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో క్రాంకింగ్ ఆంప్స్ (సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇవ్వగల కరెంటు) మాత్రమే ఉండి, ఆంపియర్ అవర్లు ఎక్కడా లేకపోతే అది సెల్ఫ్ కొట్టడానికి చేసిందే. రెండూ ఉంటే ఎక్కువ భాగం డ్యూయల్ పర్పస్, అంటే రెండు పనులకూ కలిపి చేసినది. అసలైన డీప్ సైకిల్ మీద 20 గంటల లెక్కన ఆంపియర్ అవర్లు ఉంటాయి, దాని పక్కన రిజర్వ్ కెపాసిటీ నిమిషాల్లో ఉంటుంది. రిజర్వ్ కెపాసిటీ అంటే 25 ఆంపులు ఆపకుండా లాగితే వోల్టేజీ 10.5కు పడేదాకా ఎన్ని నిమిషాలు నిలుస్తుందన్నది. ట్రోలింగ్ మోటారు ఉన్నవాళ్ళకు నా దృష్టిలో ఈ అంకె ఆంపియర్ అవర్ల కన్నా నిజాయితీగా మాట్లాడుతుంది, ఎందుకంటే మోటారు లాగేది దాదాపు అంతే. ఇంకొక గుర్తు బరువు. ఒకే కొలతల్లో ఉన్న రెండు ఫ్లడెడ్ (లోపల యాసిడ్ ద్రవంగానే ఉండే) బ్యాటరీల్లో బరువున్న దానిలో సీసం ఎక్కువ. సీసం ఎక్కువైతే పని ఎక్కువ. లేబుల్ ఏం చెప్పినా చేత్తో ఎత్తి చూస్తే తెలిసిపోతుంది.

డ్యూయల్ పర్పస్ అంటే నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ఒకే బ్యాటరీతో ఇంజిన్ స్టార్ట్ చేయడం, మోటారు నడపడం, లైట్లు, ఫిష్ ఫైండర్ (నీటి కింద చేపలను, లోతును చూపే యంత్రం) అన్నీ అయిపోతే స్థలం కలిసొస్తుంది, నిజమే. కానీ చేపలు బాగా పడుతున్న రోజున ఎవరూ వోల్ట్‌మీటర్ వంక చూడరు. పొద్దు వాలుతున్నప్పుడు తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు ఒకసారి మూలిగి ఆగిపోతుంది. రోడ్డు మీద బండి ఆగితే తోసేవాళ్ళు దొరుకుతారు. నీళ్ళ మీద ఎవరు దొరుకుతారు? అందుకే ఇంజిన్‌కు ఒక బ్యాటరీ, మిగతా పనులకు వేరే బ్యాటరీ. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను. పడవ వెనక తగిలించి, తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న ఔట్‌బోర్డ్ ఇంజిన్ ఉంటే సెల్ఫ్ బ్యాటరీ అవసరమే లేదు, ఒక్క డీప్ సైకిల్‌తో హాయిగా గడిచిపోతుంది.

విడదీయడంలో ఇంకో లాభం కూడా ఉంది. ఒకే బ్యాటరీ ఉన్న పడవలో ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు ఫిష్ ఫైండర్ తెర గమనించండి. తాళం తిప్పిన క్షణంలో వోల్టేజీ 10కి, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడుతుంది. తెర నల్లబడి, యంత్రం మొదటి నుంచి మళ్ళీ ఆన్ అవుతుంది. ఈ లోగా లోతు ఎంతో తెలియదు, మ్యాప్ లేదు. రాళ్ళున్న చోట అదెంత టెన్షనో వేరే చెప్పాలా!

సరే, ఎంత కరెంటు కావాలి? దీనికి కాగితం, పెన్ను చాలు. 12 వోల్టుల మీద నడిచే 55 పౌండ్ల థ్రస్ట్ (నెట్టే బలం) ఉన్న ట్రోలింగ్ మోటారు ఫుల్ స్పీడులో 50 ఆంపుల దాకా లాగుతుంది. కానీ ఫుల్ స్పీడులో ఎవరూ రోజంతా నడపరు. గాలి లేని రోజున నెమ్మదిగా కదుపుతూ ఉంటే సగటున 15 ఆంపులు అనుకోవచ్చు. మోటారు 5 గంటలు తిరిగితే 75 ఆంపియర్ అవర్లు. ఫిష్ ఫైండర్ ఒకటిన్నర ఆంపుల చొప్పున 8 గంటలకు 12. పట్టిన చేపలను బతికించి ఉంచే తొట్టి పంపు 3 ఆంపులు, మొత్తం 4 గంటలు తిరిగితే ఇంకో 12. రేడియో వింటూ ఉండడానికి పెద్దగా అవదు, అర ఆంపు. అన్నీ కలిపితే 100 దాటుతుంది. గాలి ఉన్న రోజున మోటారు ఒక్కటే దీనికి రెట్టింపు తినగలదు, కాబట్టి లెక్క ఎప్పుడూ చెడ్డ రోజుకే వేసుకోవాలి. ఇక్కడ సులువు కోసం 100 అనుకుందాం.

ఇక్కడే ఒక మెలిక ఉంది. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 5 ఆంపుల చొప్పున 20 గంటలు ఇచ్చేది. అదే బ్యాటరీని 25 ఆంపులకు లాగితే 4 గంటలు వస్తుందనుకుంటాం, రాదు. లెడ్ యాసిడ్‌లో ఎంత వేగంగా లాగితే అంత తక్కువ చేతికొస్తుంది. 1897లో విల్‌హెల్మ్ పాయ్‌కెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని సూత్రంగా రాసిపెట్టాడు. మామూలు ఫ్లడెడ్ బ్యాటరీకి ఆ లెక్క వేస్తే 25 ఆంపుల దగ్గర 100కి 65, 70 మాత్రమే మిగులుతుంది. ఏజీఎమ్ (సీలు వేసిన ఒక రకం లెడ్ యాసిడ్) అయితే 85 దరిదాపుల్లో ఉంటుంది. లిథియంలో ఈ నష్టం లెక్కలోకి రానంత తక్కువ. పైగా లెడ్ యాసిడ్‌ను సగం కన్నా కిందికి దించడం మంచిది కాదు. ఎంత లోతుగా దించితే సైకిళ్ళు, అంటే దిగి మళ్ళీ నిండే సార్లు, అంతగా తగ్గిపోతాయి. కాబట్టి రోజుకు 100 కావాలంటే లెడ్ యాసిడ్‌లో కనీసం 200 ఉండాలి. లిథియంలో 125 చాలు.

చాలామంది ఎంపిక ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. నాకు అసలు లెక్క ఇప్పుడే మొదలవుతుంది.

సాయంత్రం 7కి ఒడ్డుకు వచ్చారు, తెల్లవారుజామున 4కి మళ్ళీ బయల్దేరాలి. చేతిలో ఉన్నది 9 గంటలు. ఛార్జర్ 10 ఆంపులది. 200 ఆంపియర్ అవర్ల ఫ్లడెడ్ బ్యాటరీలు సగానికి దిగి వచ్చాయి. వాటిలో 100 తిరిగి చేరాలంటే నష్టంతో కలిపి 110 నుంచి 120 దాకా పోయాలి. ఛార్జర్ ఒక్క క్షణం తగ్గకుండా 10 ఆంపులు పోసినా 11, 12 గంటలు పడుతుంది. 9 గంటల్లో మహా అయితే 90 శాతానికి చేరతాయి. రెండో రోజు అక్కడి నుంచి మొదలై 40కి దిగి, రాత్రికి 80కి వస్తాయి. మూడో రోజు 30కి దిగి 70కి వస్తాయి. వారం తిరక్కుండా "ఈ బ్యాటరీ ఛార్జ్ పట్టడం లేదు" అన్న మాట వినిపిస్తుంది. అది పట్టకపోవడమేమిటి, మనం పోస్తే కదా!

పెద్ద ఛార్జర్ పెడితే సరిపోతుందా అంటే కొంతవరకే. లెడ్ యాసిడ్ 80 శాతం దాకా ఆబగా తీసుకుంటుంది. ఆ తర్వాత ఛార్జర్ వోల్టేజీని 14.4 నుంచి 14.8 మధ్య పట్టి ఉంచినా, బ్యాటరీ తీసుకునే కరెంటు నెమ్మదిగా పడిపోతూ ఉంటుంది. ఆఖరి 20 శాతానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఎంత ఖరీదైన ఛార్జర్ తెచ్చినా ఆ భాగాన్ని తొందరపెట్టలేం. అదే 200కి 20 ఆంపుల ఛార్జర్ ఉంటే మూడున్నర గంటల్లో 80కి వచ్చి, మిగతా ఐదున్నర గంటల్లో దాదాపు నిండుతుంది. ఫ్లడెడ్‌కు సామర్థ్యంలో 10 నుంచి 20 శాతం ఆంపుల ఛార్జర్ కావాలన్న మాట ఇందుకే.

నిండకపోతే ఏమవుతుంది? కరెంటు ఇచ్చేటప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. 1859లో గాస్టన్ ప్లాంటే మొదటి లెడ్ యాసిడ్ బ్యాటరీ చేసినప్పటి నుంచీ ఇది ఇంతే. వెంటనే ఛార్జ్ చేస్తే ఆ సల్ఫేట్ కరిగి మళ్ళీ సీసంగా, లెడ్ డయాక్సైడ్‌గా, యాసిడ్‌గా మారుతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే చిన్న స్ఫటికాలు పెద్దవై గట్టిపడతాయి. వాటిని ఏ ఛార్జరూ పూర్తిగా వెనక్కి తేలేదు. అంత మేర ప్లేటు పనికిరాకుండా పోయినట్టే.

ఫ్లడెడ్ బ్యాటరీలో నాకు నచ్చేది ఇదంతా కంటికి కనిపించడం. కళ్ళద్దాలు పెట్టుకుని, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, మూతలు తీసి, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్‌లోంచి కాస్త యాసిడ్ పీలిస్తే గాజు గొట్టంలో తేలే పుల్ల నిజం చెప్పేస్తుంది. పూర్తిగా నిండిన సెల్ 1.265 దగ్గర నిలుస్తుంది. ఐదు సెల్స్ 1.260 చూపించి ఆరోది 1.200 దగ్గర మునిగితే, ఆ ఒక్క సెల్ మొత్తం బ్యాటరీని కిందికి లాగుతోందన్నమాట. సీలు వేసిన బ్యాటరీల్లో ఈ వెసులుబాటు లేదు. యాసిడ్ మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోయడం, అదీ ఛార్జింగ్ అయ్యాకే పోయడం, టెర్మినళ్ళు శుభ్రం చేయడం ఓపికగా చేసేవాళ్ళకు ఫ్లడెడ్‌ను మించిన చవకైన దారి లేదు.

కానీ ఎవరికి? వారానికి ఒకసారి వేటకు వెళ్ళి, మిగతా ఆరు రోజులు ఛార్జర్‌కు తగిలించి ఉంచగలిగినవాళ్ళకు. వాళ్ళ దగ్గర నింపడానికి కావలసినంత సమయం ఉంది. ఏ రకమైనా వాళ్ళ దగ్గర బతుకుతుంది, అలాంటప్పుడు ఎక్కువ ఖర్చు దేనికి? వరసగా రోజూ వెళ్ళేవాళ్ళకు మాత్రం ఫ్లడెడ్ వద్దంటాను, అది ఎంత పెద్దదైనా సరే. చిన్న పడవ ఎగిరెగిరి పడుతుంటే యాసిడ్ చిందుతుంది. ఒకవేళ సముద్రపు నీళ్ళు బ్యాటరీలోకి వెళ్ళి యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసి ఉన్న గదిలో అది ప్రాణాంతకం.

ఏజీఎమ్‌లో యాసిడ్‌ను గాజు పీచు చాప పీల్చుకుని ఉంటుంది, ఒలకదు. కుదుపులకు తట్టుకుంటుంది, ఫ్లడెడ్ కన్నా వేగంగా ఛార్జ్ అవుతుంది, పక్కన పెట్టినా నెలకు కొద్ది శాతమే దిగుతుంది. రోజూ పని ఉండి, లిథియం స్థోమత లేనివాళ్ళకు తగిన ఛార్జర్‌తో పాటు దీన్నే చెబుతాను. ఒక్క జాగ్రత్త: ఎక్కువ వోల్టేజీతో ఛార్జ్ చేస్తే లోపలి నీళ్ళు వాయువై వాల్వు దాటిపోతాయి, తిరిగి పోసే దారి లేదు. ఛార్జర్‌లో ఏజీఎమ్ సెట్టింగ్ ఉండి తీరాలి. యాసిడ్‌ను జెల్‌లా చిక్కగా చేసిన జెల్ బ్యాటరీ ఈ విషయంలో ఇంకా సున్నితం. మంచి బ్యాటరీయే, కానీ పడవలో పదిమంది చేతులు పడే చోట నేను పెట్టను.

ఇక లిథియం, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దీని గురించి చెప్పేవాళ్ళంతా వేల సైకిళ్ళు, సగం బరువు అంటారు. రెండూ నిజమే. 100 ఆంపియర్ అవర్లకు లెడ్ యాసిడ్ 27 నుంచి 30 కిలోలు తూగితే ఇది 11 నుంచి 14 కిలోల మధ్య ఉంటుంది. నాకు మాత్రం అసలు ఆకర్షణ వేరే ఉంది. ఇది సగం నిండి ఉన్నా పాడవదు. పైన చెప్పిన 10 ఆంపుల ఛార్జర్‌నే తీసుకోండి. లిథియంకు సరిపడే సెట్టింగ్ దానిలో ఉంటే 9 గంటల్లో 90 ఆంపియర్ అవర్లు దాదాపు నేరుగా లోపలికి వెళ్తాయి. మిగిలిన 10 లోటు వల్ల బ్యాటరీకి ఏ హానీ లేదు, ఇంకోరోజు నింపుకోవచ్చు. 20 ఆంపుల ఛార్జర్ అయితే 5 గంటల్లో పని ముగుస్తుంది. రాత్రి కరెంటు ఎంతసేపు ఉంటుందో నమ్మకం లేని చోట, జనరేటర్ మీద ఛార్జ్ చేసే చోట, సోలార్ పలకతో నెట్టుకొచ్చే చోట ఇదే తేడా. 100 వాట్ల పలక మంచి ఎండలో ఐదారు ఆంపులు ఇస్తుంది, రోజుకు 25, 30 ఆంపియర్ అవర్లు. దానితో లెడ్ యాసిడ్ ఎప్పుడూ అర్ధాకలితోనే ఉంటుంది. లిథియం ఆ కొంచెంతోనే సర్దుకుంటుంది.

అలాగని అందరూ దాని వెంట పరుగెత్తాలని అనను. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చేయకూడదు. అందులోని బీఎమ్ఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) ప్రమాదం పసిగడితే ఒక్కసారిగా కరెంటు కట్ చేస్తుంది, ముందు హెచ్చరిక ఉండదు. వోల్టేజీ దాదాపు చివరి దాకా ఒకేలా ఉంటుంది కాబట్టి వోల్ట్‌మీటర్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. లెడ్ యాసిడ్‌లో కాసేపు విశ్రాంతి ఇచ్చి చూస్తే 12.7 నిండు, 12.2 సగం అని తెలుస్తుంది. లిథియంకు షంట్ (వచ్చిపోయే కరెంటును కొలిచే భాగం) ఉన్న బ్యాటరీ మానిటర్ తప్పనిసరి, ఆ ఖర్చు కూడా బ్యాటరీ ఖర్చులోనే వేసుకోండి. ఇంజిన్ ఆల్టర్నేటర్‌కు నేరుగా కలపడం ఇంకా ప్రమాదం. లిథియం ఇచ్చినంతా లాగేసుకుంటుంది, ఆల్టర్నేటర్ వేడెక్కిపోతుంది. మధ్యలో బీఎమ్ఎస్ కట్ చేస్తే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి దాని డయోడ్లు కాలిపోవచ్చు. రెండింటి మధ్య కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి. సెల్ఫ్ కొట్టడానికి మాత్రం లెడ్ యాసిడ్‌నే ఉంచండి.

ఇంజిన్ నడుస్తుంటే అదే నిండిపోతుందిలే అనేవాళ్ళు ఉన్నారు. చిన్న ఔట్‌బోర్డ్‌ల ఛార్జింగ్ 6 నుంచి 12 ఆంపులు, అదీ బాగా తిరుగుతున్నప్పుడు. అరగంట నడిపితే మూడు నుంచి ఆరు ఆంపియర్ అవర్లు వస్తాయి. రోజంతా వాడిన 100కి అది ఏ మూలకు?

పెద్ద పడవకు 24 వోల్టుల మోటారు పెట్టుకునేవాళ్ళకు ఒక మాట. అదే శక్తికి కరెంటు సగమే కావాలి కాబట్టి వైర్లలో నష్టం తగ్గుతుంది, మంచి నిర్ణయమే. కానీ సిరీస్‌లో పెట్టిన రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి ఫిష్ ఫైండర్‌కు 12 వోల్టులు తీసుకునే అలవాటు చాలా పడవల్లో కనిపిస్తుంది. ఆ బ్యాటరీ రోజూ రెండోదాని కన్నా ఎక్కువ దిగుతుంది. రెండింటినీ కలిపి 24 వోల్టుల ఛార్జర్‌తో నింపితే ఒకటి అతిగా నిండి పొంగుతుంది, ఒకటి నిండకుండా ఉండిపోతుంది. ఫిష్ ఫైండర్‌కు చిన్న బ్యాటరీ విడిగా పెట్టండి. సిరీస్‌లో ఉన్నవి రెండూ ఒకే కంపెనీవి, ఒకే వయసువి అయి ఉండాలి. ఒకటి పోతే రెండూ మార్చాల్సిందే.

కొనడానికి వెళ్ళేటప్పుడు జేబులో మల్టీమీటర్ వేసుకోండి. దుకాణంలో నెలల తరబడి కదలకుండా ఉన్న లెడ్ యాసిడ్ అక్కడే సల్ఫేట్ పట్టడం మొదలుపెడుతుంది. తయారీ తేదీ కోడ్ ఎలా చదవాలో అడగండి, వోల్టేజీ కొలవండి. 12.4 కన్నా తక్కువ చూపిస్తే ఎంత తగ్గింపు ఇచ్చినా తీసుకోవద్దు. "ఛార్జ్ పెట్టి ఇస్తాం" అంటే ఇంకోటి చూపించమనండి.

బిగించేటప్పుడు బ్యాటరీ ఏ దిక్కుకూ ఒక అంగుళం మించి కదలకూడదు. పాజిటివ్ వైరు మీద ఫ్యూజు టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా, 7 అంగుళాల లోపు ఉండాలి. రెక్కల నట్లు వద్దు, అలల కుదుపుకు వదులవుతాయి. మామూలు నట్టు, లాక్ వాషర్ వేసి స్పానర్‌తో బిగించండి. ఫ్లడెడ్ అయితే పెట్టెకు గాలి ఆడాలి, ఛార్జ్ అయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. పడవ అడుగున చేరిన నీటిని తోడే బిల్జ్ పంపు ఫ్లోట్ స్విచ్ (నీరు పెరిగితే తేలి పంపును ఆన్ చేసేది) వైరును మాత్రం మెయిన్ స్విచ్ దాటించి, దాని సొంత ఫ్యూజుతో బ్యాటరీకే నేరుగా కలపండి. పడవ నీళ్ళలో కట్టి ఉండగా అన్నీ ఆపేసి ఇంటికి వెళ్ళినా, అడుగున నీరు చేరిన రాత్రి ఆ పంపు తిరగాలి. అది తిరిగేంత కరెంటు మిగిల్చి పెట్టేలా మీ లెక్కలో ఇంకో 10, 15 ఆంపియర్ అవర్లు కలుపుకోండి.